మబ్బులు కనిపించే హాలు

ఆ రోజు పొద్దున ఇంజనీరు వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, సైటుకి వెళ్ళి, సాయంత్రం కాలనీవాళ్ళకి కొత్త హాలు తాళంచెవి అప్పగించడం. అంతే. కానీ ఇంతవరకు ఆయన మొదలుపెట్టిన ఏ కట్టడమూ ఆయన చేతుల్లో పూర్తి కాలేదు. గీత గీస్తూ గీస్తూ మనిషి ఎటో వెళ్ళిపోతాడని ఆఫీసులో ఆయనకి మబ్బుల ఇంజనీరని పేరు. ప్రతి పనినీ మధ్యలో లాక్కుని వేరేవాళ్ళకి ఇచ్చేసే పై అధికారి, ఈసారి మాత్రం, "ఇదే ఆఖరు. ఇది కూడా తేడా కొట్టిందంటే నీ కుర్చీ పాత కాగితాల గదిలో వేయిస్తాను" అని వదిలేశాడు.

ఈ హాలంటే ఆయనకి ప్రాణం. కిటికీలన్నీ పైకప్పు దగ్గరగా పెట్టించాడు. లోపల కూర్చున్నవాళ్ళకి వీధి గోల కాకుండా మబ్బులు మాత్రమే కనపడాలని ఆయన ముచ్చట. కాలనీవాళ్ళు తలలెత్తి చూస్తూ కూర్చున్నట్టు రోజూ కలలు కనేవాడు.

సబ్బు పట్టుకుని బయల్దేరబోతుంటే ఫోను మోగింది. హాలు కట్టే మేస్త్రీ. ఎదురు ప్రశ్న వేసి ఎరగని మనిషి.

"సార్, గుమ్మం చెక్క వంకర పోయింది. తీసేశాం. వడ్రంగి రేపు కొత్తది తెస్తానంటున్నాడు. ఆ ఖాళీ ఏం చేయమంటారు?"

సరిగ్గా అప్పుడే స్నానాలగదిలోంచి భార్య కేకేసింది. "ఏమండీ, బకెట్టు నిండి పొర్లిపోతోంది. కుళాయి కట్టెయ్యనా?"

"కట్టెయ్" అన్నాడు ఇంజనీరు, ఫోను చెవి దగ్గరే పెట్టుకుని.

అవతల మేస్త్రీ కాస్త తటపటాయించాడు. "మొత్తమా సార్?"

ఆ మాట ఇంజనీరు చెవిన పడలేదు. ఇంకా నీళ్ళ చప్పుడు వినపడుతోంది. "ఇంకా వస్తూనే ఉన్నాయి. గట్టిగా కట్టెయ్. చుక్క కూడా బయటికి రాకూడదు" అన్నాడు. ఆ తర్వాత, "చెప్పు మేస్త్రీ, ఏదో అంటున్నావు" అనేసరికి ఫోను పెట్టేసి ఉంది. మళ్ళీ చేద్దామనుకున్నాడు గానీ, ఎదురింటి మేడ మీదుగా దూదిపింజలాంటి మబ్బొకటి తీరిగ్గా పోతోంది. అది కనుమరుగయ్యేదాకా చూసి స్నానానికి వెళ్ళాడు.

దారి పొడుగునా మబ్బులు చూసుకుంటూ సైటు చేరేసరికి మధ్యాహ్నమైంది, సన్నగా మంచు కూడా పట్టింది. హాలు అందులోంచి నెమ్మదిగా తేలి వచ్చింది. నాలుగు గోడలూ నున్నగా, తెల్లగా ఉన్నాయి. గుమ్మం ఇటువైపు కాదు కాబోలనుకుని ఇంజనీరు వెనక్కి వెళ్ళాడు. అక్కడా లేదు. చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే వచ్చాడు. ఇదంతా కలేనని నమ్మకం కలగడంతో పెద్దగా కంగారు కూడా పడలేదు. ఇటుకలు మోసే ఆవిడ పలకరించేదాకా ఆ హాయి నిలిచింది.

"మీరే కట్టెయ్యమన్నారట కదా సార్. చుక్క కూడా బయటికి రాకూడదన్నారట."

ఇంజనీరుకి పొద్దుటి ఫోను గుర్తొచ్చింది. "మేస్త్రీ ఏడీ?"

"బయట సున్నం మేం కొట్టేశాం, లోపలివైపు పూత తను చూసుకుంటానన్నారు సార్. ఆ తర్వాత కనపడలేదు. భోజనానికి వెళ్ళుంటారు."

పై అధికారి ఏ క్షణాన్నైనా దిగుతాడు. ఇప్పుడు పగలగొడితే ఆయన వచ్చేది సరిగ్గా శిథిలాల మధ్యకి. హాలు పేరు రాయడానికి వచ్చిన పెయింటరు సంగతంతా విని జాలిపడ్డాడు.

"తలుపు వేసేదా సార్?"

"ఉంటే కదయ్యా వేయడానికి."

"లేకపోయినా వేస్తాను సార్. నా పనే అది."

వేశాడు. తడి ఆరని గోడ మీద టేకు చెక్క చారలతో, ఇత్తడి పిడితో, తాళం కన్నంతో సహా వేశాడు. మంచులో అది అసలు తలుపుకన్నా అందంగా ఉంది. పై అధికారి ఏ పనినైనా బయటినుంచే చూసి, టీ తాగి వెళ్ళిపోయే రకం. రేపు తెల్లారగానే పగలగొట్టి నిజం తలుపు పెట్టించాలని ఇంజనీరు కాస్త ఊపిరి పీల్చుకున్నాడు.

సాయంత్రం అందరూ వచ్చారు. భార్య కూడా వచ్చి, తలుపు వంక మెచ్చుకోలుగా చూసింది. పై అధికారి తాళంచెవిని కాలనీ పెద్దదిక్కు టీచరమ్మగారి చేతిలో పెట్టి, "మీరే తీయండమ్మా, లోపల కూడా చూద్దాం" అన్నాడు.

ఆవిడ కాసేపు తంటాలు పడింది. "దూరడం లేదు నాయనా. నాకు చూపు ఆనడం లేదేమో."

"ఇలా ఇవ్వండి" అని పై అధికారి వంగి, తానూ ఓడి, చివరికి తలుపుకి తన చెవి ఆనించాడు. పైకిటికీల్లోంచి సన్నగా గురక వినపడుతోంది. "ఎవడో లోపల గడియ పెట్టుకుని నిద్రపోతున్నాడు."

మేస్త్రీ ఎక్కడున్నాడో ఇంజనీరుకి అప్పుడు తెలిసింది. ఇక దాచి లాభం లేదు. "సార్, అది తలుపు కాదు" అన్నాడు నీరసంగా.

"తలుపు కాకపోతే గోడా?"

"అవును సార్. గోడే."

పై అధికారి ఆయన్ని జాలిగా చూశాడు. "మళ్ళీ మబ్బుల్లోకి వెళ్ళిపోయావా? ఇదిగో అమ్మాయ్, మీ ఆయన్ని కాస్త పక్కన కూర్చోబెట్టు" అని, రెండడుగులు వెనక్కి వేసి, భుజంతో ఒక్క తోపు తోశాడు.

సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. పెయింటరు వేసిన మేర, ఆ కొలతకి ఆ కొలతగా, ఇటుకలు లోపలికి కూలాయి. వేదిక మీద పడుకున్న మేస్త్రీ లేచి కూర్చుని, "కట్టేశాను సార్. బయటికెలా రావాలో తోచక పడుకున్నాను" అని దణ్ణం పెట్టాడు.

ఆయన్ని ఎవరూ పట్టించుకోలేదు. టీచరమ్మగారు ఇటుకలు దాటుకుని లోపలికి వెళ్ళి, బెంచీ మీద కూర్చుని తల పైకెత్తింది. మంచు విడిపోతోంది. కిటికీల్లో మబ్బులు గులాబీ రంగు తిరుగుతున్నాయి. ఒకరి తర్వాత ఒకరు వచ్చి కూర్చుని తలలెత్తారు. గుమ్మంలో నిలబడ్డ ఇంజనీరుకి కళ్ళు చెమర్చాయి. ఆయన పని మొదటిసారి ఆయన చేతుల్లోనే పూర్తయింది. భార్య వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

పై అధికారి చాలాసేపు పైకి చూసి, భుజం దులుపుకుంటూ లేచాడు.

"హాలు బాగా కుదిరిందయ్యా. తలుపే కాస్త బిగుతుగా ఉంది."