రేవణసిద్ధప్ప చెలకలో పావు వంతు

ఆ గురువారం పొద్దున పూజిత టీచర్ జహీరాబాద్‌లో షేర్ ఆటో ఎక్కేటప్పుడు ఆమె ఒళ్లో రెండు డబ్బాలున్నాయి. ఒకదానిలో టిఫిన్, రెండోదానిలో సున్నపు పొడి. మొదటిది కడుపు కోసం, రెండోది పరువు కోసం.

పరువు సంగతేమిటంటే, పోయిన వారం మండల విద్యాధికారి ఇంద్రసేన సారు బడికి వచ్చి నాలుగో తరగతిని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "మూడో వంతు పెద్దదా, పావు పెద్దదా?" తరగతంతా ఒక్క గొంతుతో "పావు!" అంది. ఎందుకని అడిగితే రేవణసిద్ధప్ప మనవరాలు ప్రియాంక లేచి, "పావంటే నాలుగో వంతు గద సార్, మూడుకంటె నాలుగు పెద్దది గదా" అని సారుకే బోధించింది. సారు కళ్లజోడు తీసి తుడుచుకుని, "గురువారం మళ్ల వస్త మేడమ్. అప్పటికి గూడ గిట్లనే ఉంటే పైకి రాయాల్సొస్తది" అన్నాడు. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా నిండని పూజితకు ఆనాటి నుంచి అన్నం సయించలేదు. రొట్టెలు తుంచి చూపింది, కాగితాలు మడిచి చూపింది. పిల్లలు రొట్టెలు తినేశారు, కాగితాలతో పడవలు చేశారు. పావు మాత్రం పెద్దదిగానే ఉండిపోయింది.

చివరికి ఆమె కన్ను బడి పక్కనున్న రేవణసిద్ధప్ప చెలక మీద పడింది. నేల మీద గీతలు గీసి పిల్లల్ని అందులో నిలబెడితేనన్నా బుర్రకెక్కుతుందేమోనని ఆశ. ముందురోజు అడిగితే పెద్దాయన మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. "గీసుకో బిడ్డా. అల్లం తవ్వినంక ఖాళీగనే పడున్నది. నేను పొద్దుగాల్నే ట్రాక్టర్ రిపేరుకు పోత, నువ్వేం ఫికర్ చెయ్యకు" అన్నాడు.

కాబట్టి బడి మొదలవగానే చెలకలో మేకులు దిగాయి, తాడు సాగింది, తెల్లటి గీతలు పడ్డాయి. ఒక గుంపు సగంలో, రెండు గుంపులు చెరో పావులో నిలబడ్డాయి. అంతా బాగానే ఉంది. కానీ ఆ చెలక రోడ్డు పక్కన ఉంది. మన హైవే చుట్టుపక్కల పల్లెల్లో నేల మీద సున్నపు గీత కనబడితే కబడ్డీ అనుకునే కాలం ఎప్పుడో పోయింది.

ఎదురు హోటల్లో చాయ్ తాగుతున్న ప్లాట్ల బ్రోకర్ సంతోష్ గ్లాసు అక్కడే పెట్టేసి పరుగున వచ్చాడు. పూజిత అటు చివర తాడు బిగిస్తోంది. వాడు పిల్లల్నే అడిగాడు. "ఏమ్రా, గిది ఎవ్వలది?"

"గీ సగం మాది!"

"గా పావు మాది, గీ పావు వాళ్లది!"

"అయితే ఇంకేం మిగల్లేదా?"

"ఏం మిగల్లే!" అని పిల్లలు సంబరంగా అరిచారు.

సంతోష్ గీతలన్నీ మరోసారి లెక్కపెట్టాడు. తనకు తెలియకుండా వెంచర్ పడటమేమిటి, పొద్దున్నే మొత్తం బుక్కయిపోవటమేమిటి! కడుపుమంటతో ఒక ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులోకి పంపాడు. 'రేవణసిద్ధప్ప చెలక పోయింది' అని కింద రాశాడు.

ఆ ఫొటో ఫోన్లు మారి, గంట తిరక్కముందే మొగుడంపల్లి నుంచి రేవణసిద్ధప్ప తమ్ముడు సదాశివ బండి మీద దిగాడు. సరిగ్గా అప్పుడే అన్న కూడా ట్రాక్టరేసుకుని తిరిగొచ్చాడు.

"నాయన సంపాయించిన చెలక! నాతోని ఒక్క మాట అనకుండ అమ్ముకున్నవా అన్నా?"

"ఎవడమ్మిండురా?"

"మరి గీ గీతలేంది?"

"పాఠంరా!"

"ఓహో, నాకే పాఠం చెప్తవా?"

పూజిత పరుగెత్తుకొచ్చింది. "జర ఆగున్రి తాతా, నేను లెక్కల టీచర్‌ను."

"గా ప్లాట్ల కంపెనోళ్లు లెక్కలొచ్చినోళ్లనే పంపుతరు, నాకెరుకే!" అని సదాశివ పిల్లల వైపు తిరిగాడు. "ఏయ్, నడుమ గీత గియ్యున్రి. సగం నాది, సగం మా అన్నది!"

పొద్దున్నుంచీ అదే పని చేస్తున్న పిల్లలు క్షణంలో పాతవి చెరిపి కొత్త గీత గీశారు. ప్రియాంక తాత చెయ్యి పట్టుకుని ఆయన సగంలో నిలబడింది.

ఇంతలో ఆటోలోంచి వాళ్ల చెల్లెలు భాగీరథి దిగింది. దిగుతూనే అందుకుంది. "అన్నదమ్ములిద్దరే పంచుకుంటరా? నేను మన నాయనకు పుట్టలేదా?"

పిల్లలు మళ్లీ చెరిపారు. మూడు భాగాలు చేశారు. ప్రియాంక తన కాళ్ల దగ్గరికి జరిగి వచ్చిన గీతను చూసింది. తాతను చూసింది. దాని మొహంలో ఏదో కదిలింది. సర్దిచెప్పబోతున్న పూజిత ఆ మొహం చూసి నోరు మూసుకుంది. మెల్లగా పోయి తాడు కొస పట్టుకుంది.

అప్పుడే రేవణసిద్ధప్ప ఫోన్ మోగింది. ఝరాసంగం నుంచి చిన్న చెల్లెలు దేవమ్మ. "అన్నా, ఇక్కడ ఆటో ఇంకా నిండలే! నా పాలు మాత్రం తీసి పెట్టున్రి!"

నాలుగు భాగాలయ్యాయి. తాతకూ మనవరాలికీ నిలబడే చోటు ఇంకాస్త ఇరుకయింది. ప్రియాంక గొల్లుమంది. "తాతా, ఇంకెవ్వర్ని రానియ్యకు! మంది ఎక్కువైతున్నకొద్ది నీది చిన్నగయితుంది!"

పూజితకు అక్కడే ఎగిరి గంతేయాలనిపించింది. అదే సమయానికి ఇంద్రసేన సారు కారు వచ్చి ఆగింది. గుంపునూ గీతలనూ చూసి ఆయన బిత్తరపోయాడు. ఏమడగాలో తోచక పాత ప్రశ్నే అడిగాడు. "మూడో వంతు పెద్దదా, పావు పెద్దదా?"

ప్రియాంక కళ్లు తుడుచుకుంది. "మూడో వంతే సార్! భాగీరథవ్వ వచ్చినప్పుడు మా తాతకు మూడో వంతు ఉండె. దేవమ్మవ్వ ఫోన్ చెయ్యంగనే పావయింది. ఇగో, చూడున్రి ఎంత తగ్గిందో!"

మిగతా పిల్లలు కూడా గీతల్లోంచే "మూడో వంతే!" అని కేకలేశారు. సదాశివ సారును చూశాడు, పిల్లల యూనిఫాం చూశాడు, కాళ్లకంటిన సున్నం చూసుకున్నాడు. "నిజంగనే పాఠమానే?" అన్నాడు నీరసంగా.

"ఇంతసేపు నేను ఇంకేం జెప్తున్న రా!" అని రేవణసిద్ధప్ప తమ్ముడి వీపు మీద ఒకటి వేశాడు. ఆ తర్వాత అందరికీ చాయ్ చెప్పాడు. గొడవకు నడుం కట్టుకొచ్చిన చుట్టాలు మధ్యాహ్నం రొట్టెలు తిని గానీ కదల్లేదు. దేవమ్మ వచ్చేసరికి ఆమె పావు వంతులో పిల్లలు గోలీలాడుతున్నారు. ఆవిడ పక్కనే కూర్చుని, ఎవడు తొండి చేస్తున్నాడో చెప్పసాగింది.

ఇంద్రసేన సారు రిపోర్టులో 'చాలా బాగుంది' అని రాసి సంతకం పెట్టాడు. తర్వాత పూజితను కారు దగ్గరికి పిలిచాడు. మెచ్చుకుంటాడేమోనని ఆమె చెంగు సర్దుకుంది. సారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అది సరే గని మేడమ్, గా తూర్పు మొఖం ప్లాటు ఇంకా ఉన్నదా, పోయిందా?"

ఆ రోజు భిన్నాల పాఠం ఊరందరికీ అర్థమైంది, ఒక్క సారుకు తప్ప.