పది మంది కావలెను

ఆ ఉదయం హనన్యా కోరుకున్నది ఒక్కటే. పది మంది మగాళ్లు ప్రార్థన ముగిసేదాకా లేచి వెళ్లిపోకుండా ఉండాలి. పదికి ఒక్కరు తగ్గినా తండ్రి తద్దినానికి కద్దిష్ అనే స్మరణ ప్రార్థన చదవడానికి వీల్లేదు. ఆయన మూడేళ్ల కిందట సరిగ్గా స్వాతంత్ర్య దినం నాడే పోయాడు. అక్కడే వచ్చింది చిక్కు.

రెహొవోత్ ఊళ్లో ఓ సందు చివరి యూదుల ప్రార్థనామందిరానికి హనన్యాయే పెత్తందారు. వచ్చేది పన్నెండు మంది. జేలిగ్ తాతతో కలిపి ఆయన జట్టు ఆరుగురు. వాళ్లకిది మామూలు గురువారం, రోజూ చదివే దుఃఖపు విన్నపాలు చదివి తీరాలి. ఎల్కానాతో కలిపి అతని జట్టు ఆరుగురు. వాళ్లకిది దేవుడిచ్చిన పండగ, విన్నపాలు కూడవు. నిరుడు రెండు జట్లూ అలిగి వెళ్లిపోతే హనన్యా ఖాళీ బల్లల మధ్య మిగిలాడు, పాపం.

ఈసారి ఉపాయం పన్నాడు. ఆ రోజు సున్తీ జరగబోయే బిడ్డ తండ్రి గుమ్మంలో కాలుపెడితే చాలు, విన్నపాలు రద్దు. ఆ ఆచారాన్ని ఎవరూ కాదనరు. పై అంతస్తు యెహియేల్ కొడుక్కి ఇవాళ సున్తీ చేయాల్సిన ఎనిమిదో రోజు. చొక్కా గుండీలు పెట్టుకోనివ్వకుండా అతన్ని లాక్కొచ్చాడు.

జేలిగ్ తాత మొహం వికసించింది. "పసిగుడ్డు పుణ్యమా అని మానేస్తున్నాం. నీ జెండా కోసం కాదు, ఎల్కానా!"

"అదేంటి పెద్దాయనా! దేశం కోసం అనడానికి నోరు రాదా?"

"ఎందుకైతేనేం, మానేస్తున్నాంగా! కూర్చోండి బాబూ," హనన్యా బతిమాలాడు.

"సరేలే. అబ్బాయ్, సున్తీ ఎన్నింటికి? విందులో చేప ఉందా?" అన్నాడు తాత.

యెహియేల్ ఆవులించాడు. "ఇవాళ లేదండీ. పిల్లాడికి కామెర్లు, డాక్టరు వాయిదా వేశాడు."

"మరెందుకొచ్చావు?"

"హనన్యా బావ రమ్మంటే, కాఫీ ఇస్తాడనుకున్నా."

అంతే. తాత జట్టు విన్నపాలు మొదలెట్టింది, ఎల్కానా జట్టు స్తోత్రాలు అందుకుంది. ఎవరి గొంతు వాళ్లకే వినపడలేదు. చివరికి ఒక జట్టు మెట్ల మీదికి, ఇంకో జట్టు వీధిలోకి నడిచాయి. యెహియేల్ కాఫీకి ఇంటికెళ్లాడు.

హనన్యా పెరట్లోకి పరిగెత్తాడు. పండగ పూట మాంసం కాల్చుకోవడానికి, చెట్టు నీడ దక్కించుకోవాలని ఆరింటికే వచ్చిన ఆ వీధి అమిరామ్ బంధుబలగం అక్కడ బొగ్గులు రాజేస్తోంది. వాళ్లు గుడి ముఖం చూసి ఎన్నేళ్లయిందో.

"అన్నా, ఐదు నిమిషాలు! మా నాన్న కోసం!"

"పదండ్రా. మాంసం మాడితే మాత్రం నీదే పూచీ," అన్నాడు అమిరామ్.

పదకొండు మంది మగాళ్లు పొగ వాసనతో, పట్టకార్లతో వచ్చి నిలబడ్డారు. హనన్యాకి కళ్లు చెమర్చాయి. నోరు తెరవబోయాడు.

కిటికీలోంచి జేలిగ్ తాత తల దూర్చాడు. "ఒరేయ్, మన పంచాంగంలో ఇవాళ నాలుగో తేదీరా! మీ నాన్న పోయింది ఐదున. ఐదు శుక్రవారం పడింది, ఆ సాయంత్రమే విశ్రాంతి దినం మొదలవుతుందని సర్కారు పండగని ఒకరోజు ముందుకి జరిపింది. మీ నాన్నని కూడా జరిపిందా?"

హనన్యా కూలబడ్డాడు. "రేపొస్తావా తాతా?"

"రేపేముందిరా? శుక్రవారం, ఇంట్లో బోలెడు పని."

ఎల్కానా కూడా అదే మాట అన్నాడు. రేపు పండగ లేదు, కాబట్టి గొడవ లేదు. గొడవ లేకపోతే వీళ్లెవరూ రారని హనన్యాకి అప్పుడు తెలిసింది.

సాయంత్రం తలుపు మీద చీటీ అంటించాడు: "అసలు ఐదో తేదీ రేపే. విన్నపాలు చదవాలా వద్దా అన్నది ఉదయం ఏడింటికి తేల్చబడును."

మర్నాడు కుర్చీలు చాలలేదు.