గుమ్మానికి వేపమండ

"దినామూ బస్సులో పోయి రాకూడదా? హాస్టల్లో జొరమొస్తే ఇన్ని నీళ్ళిచ్చే దిక్కు ఉంటాదా నీకు?" అని పిల్లప్ప ఆ పొద్దున మూడోసారి అడిగాడు.

"బైరకూరు నుంచి కోలారుకు దినామూ తిరిగితే బస్సులోనే చదువు అయిపోతాది నాయనా," అంది చైత్ర, బట్టలు మడతపెడుతూ.

అవ్వ హనుమక్క రాజీ కుదిర్చింది. "పోనీరా. యూనివర్సిటీ నుంచి ఒక్క కంప్లైంటు వచ్చినా తోలుకొచ్చేద్దువు."

మాటతోపాటు ఒక సంచీ కూడా ఇచ్చింది. సున్నం, బ్లీచింగ్ పౌడరు, ఒక పెద్ద వేపమండ. వాళ్ళది పట్టుపురుగులు పెంచే ఇల్లు. పురుగులకు రోగం సోకకుండా షెడ్డులో సున్నం చల్లడం, వాకిట్లో బ్లీచింగ్‌తో గీత గియ్యడం, వేపమండ కట్టడం వాళ్ళకు ముఖం కడుక్కున్నంత మామూలు. పురుగులకు చేసేది బిడ్డకు చేయకపోతే ఎలా అన్నది అవ్వ వాదన.

మరునాడు హాస్టల్లో రూమ్మేటు భూమిక స్నానానికి వెళ్ళగానే చైత్ర పనిలో దిగింది. గదంతా సున్నం చల్లింది, గుమ్మం ముందు గీత గీసింది, వేపమండ కట్టింది. బ్లీచింగ్‌కి చేతులు ఎర్రబడి దురద పెట్టాయి.

భూమికది కోలారు బంగారు గనుల దగ్గరి చాంపియన్ రీఫ్స్. ఆమె పెరిగిన వీధిలో గుమ్మానికి వేపమండ కట్టారంటే ఇంట్లో ఎవరికో అమ్మవారు పోసినట్టే. ఆ సంగతి పైకి అడగను కూడా అడగరు. చైత్రకూ ఆ ఆచారం తెలియనిది కాదు. కానీ ఇంట్లో ఏడాది పొడవునా వేపమండ చూసే పిల్లకు అది తట్టలేదు.

భూమిక తడి తలతో గీత అవతలే ఆగిపోయింది. "నువ్వు పడుకో చైత్రా. నేను పక్క రూములో ఉంటా. చేతులు గోక్కోవద్దు, ఏం?"

ఎంత మంచి పిల్లో అనుకుంది చైత్ర.

మధ్యాహ్నానికి గీత అవతల కొబ్బరి బోండాలు, పెరుగన్నం, భూమిక కొత్త దుప్పటి వచ్చి చేరాయి. కొత్తవాళ్ళను ఇక్కడ ఇలా ఆదరిస్తారు కాబోలనుకుని చైత్ర సంతోషంగా తినేసింది. కింద మెస్సులో వంట చేసే గుండప్ప, "అమ్మ వచ్చిన ఇంట్లో తాళింపు పెట్టేదా? నా వల్ల కాదు," అని పొయ్యి ముందు నుంచి లేచిపోయాడు. హాస్టలంతా చప్పటి సాంబారు తిని సణిగింది. సాయంత్రం చైత్ర వరండాలోకి రాగానే వరండా ఖాళీ అయిపోయింది. బోండాలు ఆరయ్యాయి, పలకరించే మనిషి ఒక్కరూ లేరు. ఆ పిల్లకు ఏడుపొచ్చింది.

తెల్లారి వార్డెన్ విశాలమ్మ ఫోను చేసింది. "బిడ్డకు అమ్మవారప్పా. వచ్చి తోలుకుపోండి."

పిల్లప్ప పరుగున వచ్చాడు. "యాడమ్మా పొక్కులు?"

"ఏం పొక్కులు నాయనా?"

విశాలమ్మ వేపమండను, సున్నాన్ని, ఆ పిల్ల చేతులను మార్చి మార్చి చూసింది. "ఎందుకు కట్టినావే ఇది?"

"రోగాలు రాకుండా మేడమ్. మా పట్టుపురుగుల షెడ్డులో కట్టేది ఇట్లనే."

భూమిక నవ్వుతూ నేల మీద కూలబడింది. "పాపీ! నీకోసం నేను నిన్న చికెన్ మానేసినానే!"

పిల్లప్ప మాత్రం నవ్వలేదు. "కంప్లైంటు కంప్లైంటే. మూట కట్టు."

వాళ్ళు బైరకూరు చేరేసరికే కబురు ఊరంతా పాకింది. ఇంట్లో పట్టుపురుగులు ముదిరి, గూళ్ళు అల్లడానికి తట్టలెక్కుతున్న రోజు అది. అమ్మవారి గాలి పురుగులకు తగలకూడదని హనుమక్క గేటుకు అడ్డంగా నిలబడింది.

"ఆడనే నిల్లు."

"పిల్లకేమీ లేదమ్మా! ఊరికే అనుకున్నారు!"

"నువ్వు చెప్తే నాకు తెలుస్తాదిరా. పురుగులకు ఎవరు చెప్పేది?"

చైత్ర సంచీ దించింది. అందులోంచి రెండు బోండాలు దొర్లాయి.

"యాడివే ఇవి?"

"జొరమనుకోని ఇచ్చినారవ్వా. నా పేరు కూడా సరిగా తెలీనోళ్ళు. ఈ దుప్పటి భూమికది. ఇంగా తిరిగి ఇయ్యల్ల."

హనుమక్క ఆ బోండాలవైపు కాసేపు చూసింది. గేటు దగ్గరికొచ్చిన కోడలినీ, కొడుకునీ, మనవరాలినీ చూసి, గొంతు పెంచకుండానే చెప్పింది.

"నీళ్ళిచ్చే దిక్కు ఆడ ఉండాది. పిల్ల ఆడనే ఉండి చదువుకుంటాది."

తనూ హాస్టలు గాలి తగిలించుకుని వచ్చిన పిల్లప్ప ఎక్కడుండాలన్నది మాత్రం తట్టల నుంచి గూళ్ళు తీసేదాకా ఎవరూ తేల్చలేదు.