దర్జీ తొలి పరుగు

ఆ ఆదివారం దర్జీ పొద్దున్నే లేచి, అర్జంటుగా ఒక కోటు కుట్టాలని భార్యకు చెప్పి దుకాణానికి బయలుదేరాడు. కుట్టవలసిన కోటేమీ లేదు. ఊళ్లో అయిదు కిలోమీటర్ల పరుగు పోటీ ఉంది. దుకాణంలో బట్టలు మార్చుకుని, పరుగెత్తి వచ్చి, ఏమీ ఎరగనట్టు భోజనానికి ఇంటికి చేరాలన్నది అతని ఆలోచన.

భార్యకు అబద్ధం చెప్పడం అతనికి ఇష్టం లేదు. కిందటేడు అతని అన్నయ్య మెట్లెక్కుతూ కూలబడి, మళ్లీ లేవలేదు. అప్పటి నుంచి ఆమె భర్తను నీళ్ల బకెట్టు కూడా ఎత్తనివ్వడం లేదు. గుండె బాగానే ఉందని డాక్టరు చెప్పినా నమ్మలేదు. నిజానికి అతనూ నమ్మలేదు. గుండె మీద చెయ్యి వేసుకుని పడుకోవడంతో విసిగిపోయి, సంగతేమిటో పరుగెత్తే తేల్చుకుందామని చాటుగా సాధన మొదలుపెట్టాడు.

పక్కనున్న సెలూన్ యజమాని అప్పుడే తలుపులు తీస్తున్నాడు.

"ఏంటన్నా, ఇంత పొద్దున్నే?"

"ఇవాళ్టితో తేలిపోవాలిరా," అన్నాడు దర్జీ గంభీరంగా.

చొక్కా, ప్యాంటు మడతపెట్టి కుట్టుమిషను మీద ఉంచాడు. చెమటకు జారతాయని కళ్లద్దాలు, బిగుసుకుంటుందని ఉంగరం, మోగుతుందని ఫోను వాటి మీద పెట్టాడు. తాను కుట్టుకున్న నిక్కరులో నది వైపు నడిచాడు.

ఖాళీ కడుపుతో వెళ్లాడని భార్య టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చింది. మిషను మీద బట్టలు చూసింది. ఇంట్లో ఏనాడూ తువ్వాలైనా మడతపెట్టని మనిషి.

"ఆయన మీకేమైనా చెప్పారా?"

సెలూన్ యజమాని నీళ్లు నమిలాడు. "ఇవాళ్టితో తేలిపోవాలన్నాడు వదినా. నది వైపు వెళ్లాడు."

ఇద్దరూ స్కూటరెక్కారు. దారిపొడుగునా సెలూన్ యజమాని కనబడినవాళ్లందరినీ ఆరా తీశాడు. దాంతో వాళ్లకంటే ముందే కబురు వంతెన చేరింది. దర్జీ దూకడం కళ్లారా చూశామనేవాళ్లు కూడా తయారయ్యారు. మూడుసార్లు తేలాడని ఒకాయన ఒట్టేశాడు. కానిస్టేబులు పడవ దింపించాడు.

అక్కడ పరుగులో దర్జీని అందరూ దాటేశారు. పసిబిడ్డను బండిలో తోసుకుంటూ పరుగెత్తే ఒక తల్లి కూడా దాటింది. అతనికి చింత లేదు. గుండె కొట్టుకుంటోంది, అది చాలు. అందరికంటే వెనకగా, ఒంటరిగా వంతెన మీదికి వచ్చాడు. అద్దాలు లేని కళ్లకు జనం మసకమసకగా కనిపించారు.

"ఏమైంది సార్?" అని కానిస్టేబుల్ని అడిగాడు.

"ఎవరో దర్జీ అట. నదిలో దూకాడు."

దర్జీ కాళ్లు ఆగిపోయాయి. ఊళ్లో దర్జీలంతా తెలిసినవాళ్లే. "ఎందుకట?"

"అన్న పోయాడని దిగులట. ఇంట్లో ఒక్క మాటా చెప్పకుండా లోలోపల కుమిలిపోయాడట."

దర్జీకి కళ్లు చెమ్మగిల్లాయి. "నోరు తెరిచి చెప్పుకుంటే ఏం పోయింది? ఆ ఇల్లాలి గతేంటి ఇప్పుడు?"

"అదిగో, అక్కడ కూర్చుంది."

నాలుగు ఓదార్పు మాటలు చెబుదామని వెళ్లాడు. దగ్గరికి వెళ్లేకొద్దీ ఆ మసక ఆకారం అతని భార్య అయింది.

ఆమె అరవలేదు, ఏడవలేదు. లేచి అతని ఛాతీ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే నిలబడింది.

"పరుగెత్తుతున్నారా?"

"ఊఁ."

"నాకు చెప్పొచ్చుగా."

"చెప్తే పంపేదానివా?"

"పంపేదాన్ని కాదు," అని ఒప్పుకుంది. "మీ అన్నయ్య పోయాక నాకు రాత్రిళ్లు నిద్ర లేదు."

"నాకూ లేదు."

ఏడాదిగా ఒకే మంచం మీద మేలుకుని ఉన్నా, ఆ మాట ఒకరికొకరు చెప్పుకోవడం అదే మొదలు.

"ఇంకెంత దూరముంది?" అంది ఆమె.

"వంతెన దిగి, ఆ మలుపు దాకా. పోనీలే, ఇంటికెళ్దాం పద."

ఆమె డబ్బా సెలూన్ యజమానికిచ్చి, చెప్పులు విడిచి, కొంగు నడుముకు బిగించింది. "పదండి. మిమ్మల్ని ఒంటరిగా వదలను."

కాసేపు అతని పక్కనే పరుగెత్తింది. తర్వాత కొంచెం ముందుకు వెళ్లింది. ఆ తర్వాత "మెల్లగా వెళ్లవే," అని అతను వెనక నుంచి బతిమాలవలసి వచ్చింది. ముగింపు గీత దగ్గర మిగిలిన ఒక్క పతకాన్నీ నిర్వాహకులు ముందొచ్చిన ఆమె మెడలో వేశారు. దర్జీకి మంచినీళ్లిచ్చారు.

చప్పట్లు కొడుతూ జనమూ కానిస్టేబులూ వాళ్ల వెనకే వెళ్లిపోవడంతో, నదిలో పడవవాళ్లు దర్జీ కోసం మధ్యాహ్నం దాకా శ్రద్ధగా వెతికారు.