అత్తగారు దిద్దిన దవడ

ఆ పొద్దున పంపుల మెకానిక్ అనుకున్న పనులు మూడే. నీళ్లు కాచడం, రబ్బరు కొరకడం, నోరు మూసుకోవడం. మూడోది మన చేతిలో పనే కదా అని ధీమాగా ఉన్నాడు.

ఆయన పనిచేసేది చేపల ప్రదర్శనశాలలో. అక్కడి పెద్ద గాజు తొట్టిలోకి దిగి లోపలి అద్దాలు తుడిచే డైవర్ ఉద్యోగం ఖాళీ అయింది. ఇన్నేళ్లూ గోడకు ఇవతల పంపుల రొదలో గడిపినవాడికి, అవతల చేపల మధ్య తిరగాలని ఆశ. పరీక్ష ఒకటే. సిలిండర్ కట్టుకుని తొట్టి అడుగున కూర్చోవాలి, డైవింగ్ నేర్పే కోచ్ రమ్మనేదాకా పైకి రాకూడదు. రెండుసార్లు దిగాడు. రెండుసార్లూ దవడ పట్టేసి, చెంప చేత్తో పట్టుకుని తేలాడు. నోట్లో పెట్టుకున్నదాన్ని చెరకు ముక్కలా కొరుకుతాడు మరి. తోటివాళ్లు పేరు మానేసి "దవడ" అని పిలవడం మొదలుపెట్టారు. ఆ మధ్యాహ్నమే ఆఖరి అవకాశం.

అందుకే అద్దె సరుకు వదిలి సొంత రెగ్యులేటర్ కొన్నాడు. సిలిండర్లోని గాలిని నోటికి కావలసినంతే వదిలే పరికరం అది. దుకాణదారు నాలుగైదు రకాలు నోట్లో పెట్టించి చూశాడు.

"మెరిసేది కాదు, తేలికైంది తీసుకో. బరువుంటే దవడని కిందికి లాగుతుంది. గొట్టం కుడి భుజం మీంచి తెచ్చుకుని తల అటూ ఇటూ తిప్పు. లాగుతోందా? అయితే పొడుగు గొట్టం వెయ్యాలి."

చివర్లో పళ్ల మధ్య పెట్టుకునే రబ్బరు ముక్క ఇచ్చాడు. "అన్నీ బిగించి, నీళ్లలో ఎలా ఉంటావో అలాగే కూర్చో. దీన్ని వేడినీళ్లలో ముంచి మెల్లగా కొరుకు. నీ పళ్ల అచ్చు పడుతుంది. చల్లారేదాకా నోరు తెరవకు. ఒక్కసారే మెత్తబడేది. తర్వాత దేవుడు దిగొచ్చినా మారదు."

"ఏమండీ, కూరగాయలకి వెళ్లొస్తా. ఎవరొచ్చినా నోరు విప్పకండి" అంది భార్య, ఆ పొద్దున ఇంట్లో ఆయన నీళ్లు కాస్తుంటే.

"రాజుగారొచ్చి అడిగినా విప్పను" అన్నాడాయన. ఆమె నమ్మకుండానే వెళ్లింది.

వంటగదిలో స్టూలు మీద కూర్చుని, పక్కన సిలిండర్ నిలబెట్టి, గాలి తిప్పి, రబ్బరు ముంచి కొరికాడు. సరిగ్గా అప్పుడే అత్తగారు వచ్చారు. పక్క వీధిలోనే ఉంటారు. ప్రసూతి ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు.

"ఏం అల్లుడూ, తలుపు బార్లా తీసిపెట్టారు?"

జవాబు లేదు.

"నిన్నటి కోపమా? నేనన్నదాంట్లో తప్పేముందీ? ఊళ్లో చేపలన్నిటికీ నీళ్లు తిప్పుతారు, ఇంట్లో కారే కొళాయి తిప్పలేరు."

ఆ ఇంట్లో కొళాయి మాటకు ఎదురుమాట రాకపోవడం ఎన్నడూ లేదు. అత్తగారికి అనుమానం వేసి వంటగదిలోకి తొంగిచూశారు. నోట్లో నల్లటి డబ్బా, దానికో గొట్టం, గుడ్లప్పగించి చూస్తున్న అల్లుడు.

"అయ్యయ్యో, దవడ కరుచుకుపోయింది!"

ఆయన చేతులు ఊపాడు. గిలగిల కొట్టుకుంటున్నాడని ఆవిడ నిర్ధారించుకున్నారు. మందు మింగని పిల్లలకు చేసినట్టు ముక్కు గట్టిగా పట్టుకున్నారు. నోరు తెరవాలి. తెరవలేదు. పైగా మనిషి ఫస్, ఫస్ మని హాయిగా ఊపిరి తీస్తున్నాడు. ముక్కు మూసి, నోరు మూసి, మనిషి బతికుండటం ఆవిడ తన సర్వీసులో చూడలేదు. భయంతో డబ్బా పట్టుకుని లాగబోతే, దాని మధ్యలో, గాలంతా ఒక్కసారి వదిలే మీట మీద బొటనవేలు పడింది. బుస్సుమంది. అల్లుడి బుగ్గలు బూరల్లా ఉబ్బాయి.

"గ్యాసు! గ్యాసు లీకవుతోంది!" పక్కింటావిడ కేక వేసింది. మెట్ల మీద పరుగులు. ఒకాయన మొహానికి సబ్బు నురగతోనే దిగిపోయాడు. కూరల సంచితో వస్తున్న భార్య ఆ జనానికి ఎదురీది పైకి చేరింది.

"అమ్మా, వదులు!"

"నువ్వూరుకోవే. ఇంతకంటే మొండి తలకాయల్ని లాగాను నేను."

ఒక కాలు గట్టుకు తన్నిపెట్టి లాగారు. టప్పుమని ఊడింది. అత్తగారు వెళ్లి ఉల్లిపాయల బుట్టలో కూర్చున్నారు. ఆవిడ చేతిలో రబ్బరు సాగిపోయి, కొసన ముందుపళ్ల గుర్తులు మాత్రం మిగిలి, అలాగే చల్లారిపోయింది.

"నా ఉద్యోగం పోయింది అత్తయ్యగారూ" అన్నాడు అల్లుడు.

"మనిషి దక్కాడు, అంతే చాలు" అన్నారావిడ, బుట్టలోంచే.

సంగతి తెలిసి కిందివాళ్లు నవ్వుతుంటే, భార్య మాత్రం సంచి అక్కడే పడేసి, "కొన్నదెలాగూ కొన్నారు. పదండి, దిగి చూడండి" అంది.

మధ్యాహ్నం తోటివాళ్లంతా గాజు ముందు చేరారు. "దవడ ఇప్పుడు తేలతాడు చూడు" అన్నాడొకడు. అడుక్కు వెళ్లి కూర్చున్న మెకానిక్ అలవాటుగా దవడ బిగించాడు. వెనకపళ్ల మధ్య ఏమీ లేదు. రబ్బరు ముందుపళ్లకు ఆని, పెదాల మధ్య తేలిగ్గా నిలిచింది. కొరకడానికి లేనప్పుడు దవడకు పనేముంది? గొట్టం లాగలేదు, డబ్బా బరువనిపించలేదు. తన ఊపిరి చప్పుడు తనకే జోలపాటలా వినిపించింది. ఒక చేప వచ్చి ముఖంలో ముఖం పెట్టి చూసి, మనవాడే అనుకుని వెళ్లిపోయింది.

బయట నిలబడ్డవాళ్లు కూర్చున్నారు. కూర్చున్నవాళ్లు ఆవలించారు. చివరికి కోచ్ రమ్మని సైగ చేస్తే ఇతను చేపల్ని చూస్తున్నాడు. కోచే దిగి భుజం తట్టాల్సి వచ్చింది. చెంప మీద చెయ్యి లేకుండా పైకి వచ్చిన మెకానిక్‌ను తోటివాళ్లు సిలిండర్‌తో సహా ఎత్తేశారు. "డైవర్‌గారూ!" అని మొదట అరిచినవాడు, "దవడ" అని పేరు పెట్టినవాడే.

"కొరకడం మానేశావయ్యా! ఉద్యోగం నీదే" అన్నాడు కోచ్. రబ్బరు తిప్పి తిప్పి చూశాడు. "ఇంత సుఖంగా అచ్చు ఎవరు తీశారు?"

"మా అత్తగారండీ."

ఆ తర్వాతి ఆదివారం కోచ్, ఆయన శిష్యులు ముగ్గురు, కొత్త రబ్బర్లతో వంటగదిలో వరసగా స్టూళ్ల మీద కూర్చున్నారు. నోళ్లు మూతపడ్డాయి. పక్కన కొళాయి కారుతోంది.

ఎదురుమాట చెప్పలేని మగవాళ్లు ఒకేసారి నలుగురు దొరికేసరికి, అత్తగారు లాగడానికి తొందరపడకుండా, ముందు కొళాయి సంగతి ఎత్తారు.