కక్కు కొట్టిన వీరుడు

ఆ ఉదయం రాజేశ్వరమ్మ అనుకున్నవి రెండే పనులు. మధ్యాహ్నం భోజనానికి వచ్చే మ్యూజియం ఆఫీసరుకు పూర్ణం పెట్టి ఓళిగలు చేయడం, ఈలోగా ఎల్లమ్మ చేత రోలుకూ తిరగలికీ కక్కు కొట్టించడం. అరిగి నున్నబడ్డ రాళ్ళకు ఉలితో గంట్లు పెట్టే ఎల్లమ్మ ఆదోనిలో ఆ వీధికి ఏడాదికొకసారి గాని రాదు.

ఆమె భర్త, పత్తి వ్యాపారి ఇంద్రసేనయ్య ఆఫీసరును పిలుచుకు రావడానికి ఇస్త్రీ అంగీ తొడుక్కుని రైలు స్టేషనుకు బయలుదేరాడు. పోతూ పోతూ పెరట్లో తడి గోనెపట్టా కింద పడుకోబెట్టిన రాయి వైపు చూపించాడు.

"ఏమే, దాని జోలికి ఎవురినీ పోనీయొద్దు. నా మర్యాదంతా ఆడుంది."

గోనెగండ్ల దగ్గర తమ చేనులో దొరికిందని ఆయన బండిలో తెచ్చిన వీరగల్లు అది. ఎప్పుడో పోరులో చచ్చిపోయిన వీరుడు కత్తి ఎత్తి నిలబడ్డ బొమ్మ. ఎమ్మిగనూరులో ఉన్న తోడల్లుడు గురురాజ ఇలాంటి రాయినే పట్నంలో మ్యూజియానికి ఇచ్చి, దాని కింద తన పేరు రాయించుకున్నాడు. అప్పటి నుంచి రాజేశ్వరమ్మ పుట్టింటివాళ్ళు మొదటి విస్తరి చిన్నల్లుడికే వేస్తున్నారు. ఆ పంక్తిలో వడ్డించినప్పుడల్లా ఆమెకు తల కొట్టేసినట్టు ఉండేది. ఈ రాయి కూడా మ్యూజియం చేరితే మళ్ళీ తలెత్తుకోవచ్చు.

అంత ముఖ్యమైన సంగతి ఓళిగల హడావుడిలో మనసులోంచి జారిపోయింది. "పెరట్లో ఉండే రాళ్ళన్నిటికీ కొట్టు ఎల్లమ్మా, ఒక్కటీ ఇడవొద్దు. మళ్ళ ఎప్పుడొస్తావో ఏమో" అని చెప్పి ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. టకటకమని ఉలి చప్పుడు ఆగకుండా వినిపిస్తుంటే, ఎంత శ్రద్ధ గల మనిషి అని మెచ్చుకుంది కూడా.

పూర్ణం దించి పెరట్లోకి వచ్చేసరికి గోనెపట్టా గోడ మీద ఆరుతోంది. వీరుడు నెత్తి నుంచి పాదాల దాకా అమ్మవారు పోసినవాడిలా ఉన్నాడు.

"అయ్యో, ఎంత పని చేసినావే! బొమ్మ కనపడలేదా?"

"కనపడకేం సెట్టెమ్మా! ఇంత పెద్ద సన్నికల్లు నేను యాడా సూడలే. బొమ్మ మీద కారం నూరితే గుండు జారుతాది గదా అని ఆడ ఇంకా దగ్గర దగ్గరగా కొట్టినా."

రాజేశ్వరమ్మ నేల మీద కూలబడింది. అత్త అంజనమ్మ వచ్చి, రాయిని చూసి, కోడల్ని చూసి, పసుపు డబ్బా తెచ్చింది.

"ఏడుపు మళ్ళ ఏడుద్దువు. ముందు పసుపు మెత్తు. గంట్లన్నీ పూడిపోవాల. అమ్మవారంటే ఎవురూ గీకి సూడరు."

"మీసాలుండాయి కదత్తా?"

"మీసాల మీద కుంకుమ పెట్టు."

ముగ్గురూ కలిసి రాయిని గోడకు నిలబెట్టి, పాత పట్టుచీర చుట్టారు. అంతలో పక్కింటి సిద్దమ్మ గోడ మీదుగా తొంగి చూసింది.

"ఏమమ్మా, ఇంట్లో తల్లి వెలిసినా ఒక మాట సెప్పలేదే! మేం పరాయోళ్ళమా?"

కాదంటే గంట్ల సంగతి చెప్పాలి. అంజనమ్మ ఇంకేం చెప్పాలో తోచక, "రాత్రి కలలోకొచ్చిండె" అంది. కాసేపటికి పెరడంతా ఆడవాళ్ళు. టెంకాయలు కొట్టారు, హారతి పట్టారు. ఒకామె కొడుకు పుట్టాలని వీరుడి కత్తికి ముడుపు కట్టి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. రాజేశ్వరమ్మ ఆమె మొహం చూడలేక తల పక్కకు తిప్పుకుంది.

సరిగ్గా అప్పుడే ఇంద్రసేనయ్య ఆఫీసరు జయరాజును వెంటబెట్టుకుని వచ్చాడు. రాయికి చీర చూసి బిత్తరపోయాడు. జయరాజు బూట్లు విడిచి, దండం పెట్టి, భక్తిగానే చెంబెడు నీళ్ళు పోశాడు. పసుపు కారిపోయింది. మీసాలు, వాటితో పాటు గంట్లు బయటపడ్డాయి.

"ఎవరు చేశారిది? ఇవి తాజా దెబ్బలు!" జయరాజు వంగి గంట్లను వేలితో తడిమాడు. "వెయ్యేళ్ళ నాటి శిల్పం. ఆ కత్తి పట్టిన తీరు చూడండి, ఎమ్మిగనూరు రాయి చెక్కిన చెయ్యే ఇది! దీన్ని పాడుచేయడం నేరం. పేరు చెప్పండి, పోలీసులకు రాసిస్తాను."

ఎల్లమ్మ చేతిలో ఉలి జారి కింద పడింది. రాజేశ్వరమ్మ కొంగు నిండా కప్పుకుని ముందుకొచ్చింది.

"ఆమెది తప్పు లేదు సారూ. కొట్టమన్నది నేను. నా పేరే రాసుకోండి."

వీధి వీధంతా చూస్తోంది. ఇంద్రసేనయ్య ఇస్త్రీ అంగీ వీపుకు అతుక్కుపోయింది. ఆయన భార్య వైపు చూశాడు, ఆఫీసరు జేబులోంచి తీసిన కలం వైపు చూశాడు.

"రాయొద్దు సార్. అది పాతది కాదు."

"ఏమిటీ?"

"పోయిన ఎండాకాలం చెక్కించినాను. పెంటదిబ్బలో పూడ్చి పెడితే పాతబడింది."

"అసాధ్యం! ఆ చెయ్యి నాకు తెలుసు!"

"ఆ చెయ్యే సార్. తిక్కయ్య చెయ్యి. మా తోడల్లునికీ వాడే చెక్కిచ్చినాడు."

జయరాజు మెల్లగా రోలు మీద కూర్చున్నాడు. ఎమ్మిగనూరు రాయి గొప్పతనం మీద ఆయన ఊరూరా ఉపన్యాసాలిచ్చి ఉన్నాడు. సిద్దమ్మ తన టెంకాయ చిప్పలు ఏరుకుంది. ముడుపు కట్టినామె ముడి విప్పుకుంటుంటే ఇంద్రసేనయ్య గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. తన తప్పుకు పొద్దుటి నుంచీ చితికిపోయిన రాజేశ్వరమ్మకు, పాడైంది పాత శిల్పం కాదని తేలాక కూడా ఆవగింజంత ఊరట కలగలేదు. పెళ్ళాన్ని కాపాడడానికి భర్త నిజం చెప్పాడని సంతోషించబోతే, ఆ నిజమేమిటో గుర్తొచ్చేది.

విస్తళ్ళు వేసి ఉన్నాయి కాబట్టి భోజనానికి కూర్చోక తప్పలేదు. పప్పులో ఉప్పు వేయడం ఆమె మరిచిపోయింది; ఆ మాట అనడానికి ఆ పూట ఎవరికీ మొహం చెల్లలేదు.