రెండు చుక్కల నూనె

"తొంభై రోజులు! తొంభై రోజుల్లో ఈ వార్డులో చీమ చిటుక్కుమన్నా వినపడేలా చేస్తాను!" అని శబ్ద సమన్వయాధికారి గారు ప్రకటించారు. ఇంత మంచి మాట ఎవరి చెవినా పడకుండా పోకూడదని నాలుగు లౌడ్‌స్పీకర్లు పెట్టించారు. ఉదయం పదకొండింటికి, పిల్లల సంరక్షణ కేంద్రం ఆవరణలో, సరిగ్గా నర్సమ్మ పడగ్గది కిటికీ కింద.

ఈ మహత్కార్యానికి మూలం ఆ నర్సమ్మే. ఆమెది ఆస్పత్రిలో నైట్ డ్యూటీ. పొద్దున్నే ఇల్లు చేరి, తొమ్మిదింటికి మంచం ఎక్కుతుంది. పిల్లల గోలతో ఆమెకి పేచీ లేదు, ఆ గోలలోనే హాయిగా కునుకు పట్టేది. తంటా అంతా కేంద్రంలోని ఉయ్యాలతోనే. తుప్పు పట్టిన గొలుసు ఊగినప్పుడల్లా కిర్రుమనేది, ఆమె ఉలిక్కిపడి లేచి కూర్చునేది. మొన్న ఒక పేషెంటుకి ఇవ్వాల్సిన ఇంజెక్షన్ పక్కమంచం ఆయనకి ఇవ్వబోయి ఆఖరి క్షణంలో ఆగింది. అప్పటినుంచి పాపం ఆమెకి తన చేతులంటేనే భయం పట్టుకుంది.

కుట్టుమిషను నూనె సీసా తీసుకుని కేంద్రానికి వెళ్తే టీచరమ్మ అడ్డం పడింది.

"వెయ్యకు తల్లీ! అది గవర్నమెంటు ఉయ్యాల. పర్మిషన్ లేకుండా దానికి నూనె తగిలితే నాకు మెమో తగులుతుంది. ఓ అర్జీ పడెయ్యి."

పడేసింది. దాని ఫలితమే ఆ నాలుగు లౌడ్‌స్పీకర్లు.

సభ కాగానే నర్సమ్మ కళ్ళు నులుముకుంటూ కిందికి దిగింది. "సార్, రెండు చుక్కల నూనె వేయిస్తే చాలండీ."

అధికారి గారిది వెన్నలాంటి మనసు. జాలిగా చూశారు. "నూనె సంగతి తర్వాత. సమస్యకి మూలకారణం ఏమిటమ్మా?"

"తుప్పండీ."

"అది టెక్నికల్ కారణం. పాలసీ కారణం చెప్పు."

నర్సమ్మకి పాలసీ కారణం తట్టలేదు. అందుకని కమిటీ వేశారు.

కమిటీ చకచకా పనిచేసింది. ఆవరణలో పసుపు గీతలు గీసి నవ్వు జోను, గుసగుస జోను, మౌనం జోను అని మూడు ముక్కలు చేసింది. బంతి ఆటకి గుసగుస జోను కేటాయించింది. తర్వాత శబ్దం కొలిచే మిషను వచ్చింది. నర్సమ్మ ఆశగా సీసా పట్టుకుని మళ్ళీ వెళ్ళింది.

"ఇప్పుడు నూనె వేస్తే కొలవడానికి శబ్దం ఎక్కడుంటుందమ్మా?" అన్నారు అధికారి గారు, చిన్నపిల్లకి లెక్క నేర్పుతున్నంత ఓపిగ్గా. "సాక్ష్యం చెరిపేసినట్టవుతుంది." ఆ సీసాని రికార్డులో భాగంగా స్వాధీనం చేసుకున్నారు.

మర్నాటి నుంచి పది గంటలకల్లా ఇద్దరు ఉద్యోగులు వచ్చి, పిల్లల్ని దించి, వంతులవారీగా ఉయ్యాల ఊగడం మొదలుపెట్టారు. ఒకాయన ఊగితే ఒకాయన రాసుకునేవాడు. పిల్లలు గోడవార వరసగా నిలబడి చూసేవాళ్ళు. ఒక పాప ఉండబట్టలేక అడిగింది: "అంకుల్, నా వంతెప్పుడు?"

"ష్! రీడింగ్ పోతుంది."

నర్సమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఏమండీ, కాసేపు ఆపండి. మీకు పుణ్యం ఉంటుంది."

"మేమేమన్నా సరదాకి ఊగుతున్నామా మేడమ్? టార్గెట్! రోజుకి రెండు వేల ఊపులు. నిన్నటి నుంచి ఈయనకి కళ్ళు తిరుగుతున్నాయి కూడాను."

పిల్లలు ఊగితే గంట. వీళ్ళు ఊగేది సాయంత్రం అయిదు దాకా. ఆదివారం కూడా, పనిమీద వాళ్ళకున్న శ్రద్ధ అలాంటిది. నర్సమ్మ ఇంజెక్షన్ ఇచ్చేముందు పేషెంటు పేరు మూడుసార్లు అడగడం మొదలుపెట్టింది. మూడు నెలలు ఓర్చుకుని, ఓర్చుకుని, ఇక తట్టుకోలేక ఒక ఉత్తరం రాసింది.

ఆ ఉత్తరం చదివి అధికారి గారు కళ్ళొత్తుకున్నారట. వెంటనే విజయోత్సవ సభ పెట్టించారు. అదే ఆవరణ, అదే పదకొండు గంటలు. నర్సమ్మని మంచం మీంచి లేపి మరీ తీసుకొచ్చి వేదిక మీద కూర్చోబెట్టారు. పిల్లల్ని మౌనం జోనులో కూర్చోబెట్టారు.

"నా గొప్ప నేను చెప్పుకోను," అన్నారు అధికారి గారు మైకు పట్టుకుని. "ఈ సోదరి స్వహస్తాలతో రాసింది వినండి. 'అయ్యా, నేను అర్జీ ఇచ్చి మూడు నెలలైంది. ఇంతవరకూ మీ వైపునుంచి చడీచప్పుడూ లేదు.'"

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "చప్పుడే కాదు, చడి కూడా లేదట! మేం పెట్టుకున్న టార్గెట్ చప్పుడు ఒక్కటే."

సభ హర్షధ్వానాలతో దద్దరిల్లింది. నర్సమ్మ గాభరాగా లేచింది. "అయ్యో, అది కాదండీ..."

"రెండు మాటలు చెప్పమ్మా, మొహమాటపడకు," అంటూ ఆయన మైకు ఆమె నోటి దగ్గర పెట్టారు.

నర్సమ్మ చెప్పాల్సినవన్నీ కూడగట్టుకుంది. ఊపిరి పీల్చి నోరు తెరిచింది. ఆవులింత వచ్చింది. అలా ఇలా కాదు, మూడు నెలల ఆవులింత. ఒకటి అయ్యేలోగా ఇంకోటి.

అధికారి గారు మెల్లగా మైకు వెనక్కి తీసుకున్నారు. సభ వైపు తిరిగారు.

"చూశారా! మన వార్డులో ఇప్పుడు పట్టపగలు కూడా ఎంత హాయిగా నిద్రొస్తోందో!"